అలంకార చేపల పోటీలు: ప్రమాణాలు, తీర్పు పద్ధతులు, నిర్వహణ బాధ్యతలు

1997లో సింగపూర్‌లో జరిగిన అక్వారామా అంతర్జాతీయ ప్రదర్శనలో పడమటి కనుమల వాగులకు చెందిన ఒక చిన్న చేపకు కొత్త జాతుల విభాగంలో మూడవ స్థానం లభించింది. వెండి వన్నె దేహం, పొడవునా నల్లని చార, దాని పైభాగాన ఎర్రని గీత గల ఆ చేప నేటి శాస్త్రీయ నామం సాహ్యాద్రియా డెనిసోని. వ్యాపారులు దానిని 'మిస్ కేరళ' అంటారు. ఆ ప్రదర్శన తరువాత అంతర్జాతీయ విపణిలో దానికి గిరాకీ బాగా పెరిగింది. ఎగుమతికి కావలసిన చేపలను అధిక భాగం వాగుల నుండే పట్టడంతో సహజ ఆవాసాలలో వాటి సంఖ్య క్షీణించింది. 2008లో కేరళ ప్రభుత్వం వాటి సేకరణపై ఆంక్షలు విధించవలసి వచ్చింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ఈ జాతిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

ఈ క్షీణతకు ఆ బహుమతి ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. అయితే న్యాయనిర్ణేత వేసిన మార్కు ప్రదర్శనశాలతో ఆగిపోదని ఈ ఉదంతం తెలుపుతుంది. ఏ చేపకు బహుమతి వస్తే ఆ చేపను కొనేవారు పెరుగుతారు. ఏ లక్షణానికి మార్కులు వస్తే ఆ లక్షణాన్నే పెంపకందారులు తరతరాలుగా ఎంపిక చేస్తారు. ప్రజనన శాస్త్రం దృష్టిలో పోటీ ఒక ఎంపిక పీడనం. అలంకార చేపల పెంపకాన్ని ఉపాధి మార్గంగా పరిచయం చేసే విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు పోటీల తీర్పు విధానాన్ని తెలుసుకోవలసిన అవసరం ఇక్కడే ఉంది.

ప్రమాణం అంటే ఏమిటి?

పంటల ప్రజననంలో 1968లో డొనాల్డ్ అనే శాస్త్రవేత్త 'ఐడియోటైప్' అనే భావనను ప్రతిపాదించారు. కావలసిన మొక్క ఎత్తు, ఆకుల అమరిక, కంకి స్వభావం మొదలైనవాటిని ముందుగానే నిర్వచించుకొని, ఆ ఆదర్శ నమూనా వైపు ప్రజననాన్ని నడిపించడం దాని సారాంశం. చేపల పోటీలలో 'ప్రమాణం' అనే పత్రం కూడా అటువంటిదే. ఒక రకం చేపకు దేహాకృతి ఎలా ఉండాలి, వాజాల కొలతలు దేహంతో ఏ నిష్పత్తిలో ఉండాలి, రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలి అన్నది అందులో ఉంటుంది. న్యాయనిర్ణేత తనకు నచ్చిన చేపను ఎంపిక చేయడు. ప్రమాణానికి దగ్గరగా ఉన్న చేపను గుర్తిస్తాడు.

తెలుగు రైతులకు ఈ ఆలోచన కొత్తది కాదు. ఒంగోలు జాతి పశువుల అందాల పోటీలలో మూపురం, గంగడోలు, కొమ్ములు, నడక చూసి తీర్పు చెప్పడం పరిపాటి. బండలాగుడు పోటీలలో ఎడ్లను పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభజించి సమానుల మధ్యనే పోటీ నడుపుతారు. చేపల పోటీలలో ఈ విభజన రకాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి, కొన్నిచోట్ల వయసును బట్టి ఉంటుంది. విభజన సరిగా లేని పోటీలో ఎంత నిపుణుడైనా న్యాయమైన తీర్పు చెప్పలేడు.

ప్రపంచవ్యాప్తంగా ఆచరణలో ఉన్న తీర్పు పద్ధతులు ప్రధానంగా మూడు: అంశాలవారీగా మార్కులు కూడడం, లోపాలను బట్టి స్థానం తగ్గించడం, చేపను చేపతో పోల్చడం. వీటిని వరుసగా గప్పీ, బెట్టా, కోయి చేపల ఉదాహరణలతో పరిశీలించవచ్చు.

గప్పీ: మార్కులు కూడే పద్ధతి

గప్పీ శాస్త్రీయ నామం పొయెసీలియా రెటిక్యులేటా. ఐరోపా దేశాలలో గప్పీ పోటీలకు ఐకేజీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ రూపొందించిన ప్రమాణం వాడుకలో ఉంది. అందులో మొత్తం 100 మార్కులు. దేహానికి 28, వీపు వాజానికి 23, తోక వాజానికి 44, చురుకుదనం వంటి అంశాలకు 5 మార్కులు కేటాయించారు. దేహం, వాజాలలో మళ్ళీ పొడవు, ఆకారం, రంగు అనే ఉపవిభాగాలు ఉంటాయి. తోక ఆకారాన్ని బట్టి విసనకర్ర, త్రికోణం, జంట కత్తులు, వీణ, గుండ్రని తోక మొదలైన రకాలను వేర్వేరుగా గుర్తిస్తారు.

ఈ పద్ధతిలో ప్రధాన సుగుణం పారదర్శకత. తన చేపకు ఎక్కడ మార్కులు తగ్గాయో పెంపకందారుడు పత్రం చూసి తెలుసుకోగలడు; మరుసటి తరంలో దిద్దుకోగలడు. కొన్ని పోటీలలో ఒకే వరుసకు చెందిన మూడు మగ చేపలను కలిపి ప్రదర్శించమంటారు. మూడూ ఒకే అచ్చులో పోసినట్లు ఉంటేనే ఆ వరుస స్థిరపడినట్లు లెక్క. శుద్ధ వంశక్రమాన్ని పరీక్షించే విత్తన శాస్త్రవేత్తకు ఇది సుపరిచితమైన ఆలోచన.

వరుసను స్థిరపరచడానికి జన్యుశాస్త్ర పరిజ్ఞానం అవసరం. గప్పీలో కొన్ని రంగు మచ్చలు తండ్రి నుండి కొడుకుకే సంక్రమిస్తాయని 1920లో యోహానెస్ ష్మిట్ చూపగా, అటువంటి లక్షణాలు వై క్రోమోజోముపై ఉన్నాయని 1922లో వింగే వివరించారు. కనుక మగ చేప అందం చూసి మాత్రమే జత కట్టించడం చాలదు. ఆడ చేప ఏ వరుసదో తెలిసి ఉండాలి. ఆడ గప్పీ ఒకసారి సంపర్కంలో గ్రహించిన వీర్యాన్ని నెలల తరబడి నిల్వ ఉంచుకొని పలు కాన్పులకు వాడుకోగలదు. అందువల్ల లింగ భేదం బయటపడే తొలి వారాలలోనే ఆడ, మగ పిల్లలను వేరు చేయాలి. ఈ ఒక్క జాగ్రత్త లోపిస్తే వంశావళి పుస్తకంలో రాసుకున్న వివరాలకు విలువ ఉండదు.

మార్కుల పద్ధతిలో ఒక చిక్కు కూడా ఉంది. ఊహాత్మకంగా రెండు చేపలను తీసుకుందాం. మొదటి చేపకు దేహంలో 25, వీపు వాజంలో 18, తోకలో 34, చురుకుదనంలో 5 వచ్చాయి, మొత్తం 82. రెండవ చేపకు దేహంలో 21, వీపు వాజంలో 19, తోకలో 42, చురుకుదనంలో 2 మాత్రమే వచ్చాయి, మొత్తం 84. సరిగా ఈదలేని రెండవ చేపే గెలిచింది. తోకలో వచ్చిన 8 మార్కుల ఆధిక్యం చురుకుదనంలో కోల్పోయిన 3 మార్కులను సులువుగా పూడ్చివేసింది.

ఈ సమస్యకు ప్రజనన శాస్త్రంలోనే పరిష్కారం ఉంది. 1942లో హేజెల్, లష్ అనే శాస్త్రవేత్తలు మూడు ఎంపిక పద్ధతులను పోల్చారు. ఒక లక్షణం తరువాత మరొకటి ఎంపిక చేయడం మొదటిది. ప్రతి లక్షణానికి కనీస స్థాయి పెట్టి దానికి దిగువన ఉన్నవాటిని తొలగించడం రెండవది. అన్నింటినీ కలిపి మొత్తం మార్కు వేయడం మూడవది. మొత్తం ప్రగతికి మూడవ పద్ధతి మేలైనదే. అయితే ఆరోగ్యం వంటి లక్షణంలోని లోటును మరే ఇతర లక్షణమూ భర్తీ చేయకూడదు. అటువంటి అంశానికి రెండవ పద్ధతిని జోడించాలి. విశ్వవిద్యాలయ పరీక్షలలో మొత్తం మార్కులు ఎన్ని వచ్చినా ప్రతి పేపరులో కనీస మార్కులు తప్పనిసరి కదా! చేప ఈత, శ్వాస, దేహ నిర్మాణాలకు కూడా అదే నియమం వర్తించాలి.

బెట్టా: లోపాలను లెక్కించే పద్ధతి

బెట్టా స్ప్లెండెన్స్ థాయ్‌లాండ్‌కు చెందిన పోట్లాట చేప. 2019లో ఆ దేశం దానిని జాతీయ జలచరంగా ప్రకటించింది. మగ చేపలు ఒకదానినొకటి చూస్తే వాజాలు, మొప్ప కప్పులు విప్పుకొని సవాలు చేస్తాయి. పోటీలో ఒక్కొక్క చేపను ఒక్కొక్క చిన్న గాజు పాత్రలో ఉంచి పాత్రల మధ్య అట్టలు నిలుపుతారు. న్యాయనిర్ణేత వచ్చినపుడు అట్ట తీస్తారు లేదా అద్దం చూపిస్తారు. చేప పూర్తిగా వాజాలు విప్పిన ఆ కొద్ది క్షణాలలోనే పరిశీలన జరగాలి. గంటల తరబడి అట్టలు తీసి ఉంచితే చేప అలసిపోయి తరువాత వాజాలు విప్పదు.

'హాఫ్‌మూన్' అనే రకంలో తోక వాజం విప్పినపుడు 180 డిగ్రీల కోణంలో, అర్ధచంద్రాకారంలో తెరుచుకోవాలి. అంచు కిరణాలు సరళంగా ఉండాలి. ఈ ఆదర్శం నుండి చేప ఎంత తొలగిందో గుర్తించి, లోపాన్ని స్వల్పం నుండి తీవ్రం వరకు శ్రేణులుగా విభజిస్తారు. చివరి శ్రేణి అనర్హత. చిరిగిన వాజం మళ్ళీ పెరుగుతుంది కనుక దాని తీవ్రత తక్కువ. వంకర వెన్నెముక వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఉంది కనుక దాని తీవ్రత ఎక్కువ. తాత్కాలిక గాయానికీ, జన్యు లోపానికీ మధ్య తేడాను గుర్తించడమే ఈ పద్ధతిలో న్యాయనిర్ణేత నైపుణ్యం.

కోయి, రాంచు: పోల్చి చూసే పద్ధతి

జపాన్‌లోని నీగాటా ప్రాంతపు కొండ గ్రామాలలో మెట్ల వరి సాగు చేసే రైతులు సాగునీటి కుంటలలో ఆహారానికి కార్పు చేపలను పెంచేవారు. వాటిలో అప్పుడప్పుడు కనిపించిన రంగు చేపలను వేరుచేసి పెంచడంతో కోయి రకాలు రూపొందాయి. 1914లో టోక్యోలో జరిగిన తైషో ప్రదర్శనలో వాటిని ఉంచిన తరువాతనే దేశమంతటా వాటికి ఆదరణ లభించింది. వరి రైతుల పెరటి వ్యాపకాన్ని ఒక ప్రదర్శన పరిశ్రమగా మార్చిందన్నమాట. 2017 అఖిల జపాన్ కోయి ప్రదర్శనలో అగ్రస్థానం పొందిన ఒక కోహాకు చేప 2018లో జరిగిన వేలంలో 20 కోట్ల యెన్‌లకు పైగా పలికింది.

కోయి పోటీలలో సాధారణంగా అంశాలవారీ మార్కులు ఉండవు. ఒకే రకం, ఒకే పరిమాణ వర్గంలోని చేపలను పక్కపక్కన నీలి తొట్లలో ఉంచి, న్యాయనిర్ణేతల బృందం పైనుండి చూసి పోల్చి ఎంపిక చేస్తుంది. మొదట దేహ నిర్మాణం, తరువాత చర్మపు మెరుపు, రంగు నాణ్యత, ఆ పైన మచ్చల అమరిక చూస్తారు. తెల్లని దేహంపై ఎర్రని మచ్చలు గలది కోహాకు. దానికి నల్ల మచ్చలు తోడైనది తైషో సాంకే. నలుపే ఆధారంగా ఎరుపు, తెలుపు కలిసినది షోవా. సాంకేలో తలపై నలుపు ఉండరాదు. షోవాలో తలపై నలుపు ఉండాలి. కోహాకులో తెలుపు మంచులా స్వచ్ఛంగా, ఎరుపు అంతటా ఒకే చిక్కదనంతో, మచ్చ వెనుక అంచు స్పష్టంగా ఉండాలి.

వీపు వాజం లేని జపాన్ బంగారు చేప రాంచును కూడా పైనుండే, తెల్లని నిస్సారపు పళ్ళేలలో ఉంచి చూస్తారు. ఆ ఏడాది పిల్లలు, రెండవ ఏటివి, పెద్దవి అని వయసు విభాగాలు ఉంటాయి. విజేతలను సుమో మల్లుల పట్టిక వలె తూర్పు, పడమర శ్రేణులలో ప్రకటిస్తారు.

పోల్చే పద్ధతి వేగవంతమైనది. చేప సమగ్ర రూపాన్ని గుర్తించగలదు. కానీ ఓడిన వ్యక్తికి కారణం తెలియదు. నేర్చుకొనే దశలో ఉన్న యువ పెంపకందారులకు పెట్టే పోటీలలో మార్కుల పత్రం ఇవ్వడమే మేలు.

ప్రదర్శనశాల కూడా ఒక ప్రయోగ క్షేత్రమే

పొలంలో నేల సారం అంతటా ఒకే విధంగా ఉండదు కనుక పరిశోధకులు పునరావృతాలు, యాదృచ్ఛిక కేటాయింపు పాటిస్తారు. ప్రదర్శనశాలలో వెలుతురు కూడా అటువంటిదే. కిటికీ పక్కన ఉన్న తొట్టిలో రంగు ఒక విధంగా, మూలన ఉన్న తొట్టిలో మరొక విధంగా కనిపిస్తుంది. నేపథ్యాన్ని బట్టి చేపలు తమ రంగును కొంతమేర ముదురు, లేత చేసుకుంటాయి. అందుచేత అన్ని తొట్లకు ఒకే పరిమాణం, ఒకే దీపం, ఒకే రంగు నేపథ్యం ఉండాలి. స్థానాలను చీటీలు తీసి కేటాయించాలి. యజమాని పేరు బదులు సంఖ్య మాత్రమే కనబడాలి. కనీసం ముగ్గురు న్యాయనిర్ణేతలు ఒకరితో ఒకరు చర్చించకుండా మార్కులు వేసి, తరువాత వాటిని క్రోడీకరించాలి. ముగ్గురి మార్కుల మధ్య తేడా చాలా ఎక్కువగా ఉంటే, చేపను తప్పుపట్టే ముందు ప్రమాణంలోని భాష స్పష్టంగా ఉన్నదో లేదో పరిశీలించాలి.

నీరు, రవాణా

పోటీకి వచ్చే చేప తొలి శత్రువు దాని స్వంత విసర్జితమైన అమ్మోనియా. నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది; అయాన్ రూపం కంటే వాయు రూపం చేపకు ఎన్నో రెట్లు విషపూరితం. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో వాయు రూపం 0.6 శాతం మాత్రమే. 8 వద్ద సుమారు 5 శాతం. 9 వద్ద సుమారు 36 శాతం. వరి మడిలో యూరియా చల్లినపుడు మధ్యాహ్నం పూట నాచు వల్ల నీటి ఉదజని సూచిక పెరిగి నత్రజని ఆవిరైపోవడానికి కారణమైన రసాయన సూత్రమే ఇది. మడిలో ఎరువు నష్టమవుతుంది. సంచిలో చేప నష్టమవుతుంది.

కనుక ప్రయాణానికి ముందు చిన్న చేపలకు ఒక రోజు, పెద్ద కోయిలకు అంతకు మించి మేత ఆపాలి. సంచిలో మూడవ వంతు నీరు, మిగిలిన భాగం ఆమ్లజని నింపాలి. ప్రయాణంలో చేప వదిలే బొగ్గుపులుసు వాయువు నీటి ఉదజని సూచికను తగ్గించి అమ్మోనియా విషాన్ని అదుపులో ఉంచుతుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటకు పోయి ఉదజని సూచిక పెరుగుతుంది. అందువల్ల సంచిని మూసి ఉంచి తొట్టి నీటిపై తేల్చి ఉష్ణోగ్రత సమానం కానివ్వాలి. విప్పిన తరువాత జాప్యం చేయకుండా చేపను మార్చాలి. సంచి నీటిని ప్రదర్శన తొట్టిలో పోయరాదు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే ప్రతి 1 మిల్లీగ్రాముకు సుమారు 7 మిల్లీగ్రాముల సోడియం థయోసల్ఫేట్ కలిపి తొలగించాలి. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆమ్లజని కరిగితే 30 డిగ్రీల వద్ద 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. జనం, దీపాలతో వేడెక్కే ప్రదర్శనశాలలో గాలి పంపులు, విద్యుత్తు పోతే పనిచేసే ఏర్పాటు తప్పనిసరి.

వ్యాధి నివారణ: అసలు పందెం ఇక్కడే

కోయి పోటీలలో రెండు నిర్వహణ పద్ధతులున్నాయి. ఒకే పరిమాణ వర్గంలోని వేర్వేరు యజమానుల చేపలను ఒకే తొట్టిలో ఉంచడం జపాన్ పద్ధతి. ప్రతి యజమాని చేపలకు ప్రత్యేక తొట్టి, ప్రత్యేక వల, ప్రత్యేక పళ్ళెం ఇచ్చి నీరు కలవకుండా చూడడం ఇంగ్లీషు పద్ధతి. మొదటి దానిలో పోల్చడం సులభం. రెండవ దానిలో చేపలు క్షేమం.

1990ల చివర గుర్తించిన కోయి హెర్పిస్ వైరస్ ఈ భేదాన్ని ప్రాణాంతకమైన విషయంగా మార్చింది. 2003లో జపాన్‌లోని కసుమిగౌరా సరస్సులో పెంపకపు కార్పు చేపలు ఈ వ్యాధితో పెద్దఎత్తున మరణించాయి. నీటి ఉష్ణోగ్రత సుమారు 16 నుండి 25 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు వ్యాధి బయటపడుతుంది. అంతకంటే వేడి నీటిలో లక్షణాలు చూపకుండానే చేప వైరస్‌ను మోయగలదు. కోయిలకు నిద్రమత్తు వ్యాధిని కలిగించే మరొక వైరస్ భారతదేశంలోని కోయిలలో ఉన్నట్లు 2016లో శాస్త్రీయంగా ప్రచురితమైంది.

తెలుగు ప్రాంతాలకు ఇది దూరపు విషయం కాదు. కోయి, మన చెరువులలో బొచ్చె, రోహులతో కలిపి పెంచే బంగారు తీగ రెండూ సిప్రినస్ కార్పియో అనే ఒకే జాతి. పోటీ నుండి తిరిగివచ్చిన కోయిని పెరటి కుంటలో వేసి, వర్షాకాలంలో ఆ కుంట పొంగి కాలువలో కలిస్తే, అలంకార చేప తెచ్చిన వ్యాధి ఆహారపు చేపకు సోకే మార్గం ఏర్పడుతుంది. నష్టపోయేది పోటీతో ఎటువంటి సంబంధం లేని రైతు. కావున ఇక్కడ నిర్వహించే ప్రతి కోయి పోటీలో తొట్లు వేరుగా ఉంచే పద్ధతినే పాటించాలి. న్యాయనిర్ణేత ఒక తొట్టిలో పెట్టిన చేయిని శుద్ధి చేసుకోకుండా మరొక తొట్టిలో పెట్టరాదు. తిరిగివచ్చిన చేపలను కనీసం మూడు, నాలుగు వారాలు విడిగా ఉంచి, ఆ తొట్టి నీటిని క్రిమిరహితం చేసిన తరువాతే పారబోయాలి.

అందం పేరిట జరిగే అపచారాలు

చేపలు ఎరుపు, పసుపు కెరోటినాయిడ్ వర్ణకాలను స్వయంగా తయారుచేసుకోలేవు. మేత ద్వారా పొందాలి. స్పైరులినా, బంతిపూల రేకుల పొడి వంటివి మేతలో కలపడం న్యాయమైన పోషణే. హార్మోన్లు వాడి రంగు తెప్పించడం, పొలుసులు గీకి మచ్చల అంచు దిద్దడం మాత్రం మోసం. మన దేశపు నీళ్ళలోనూ లభించే గాజు చేప పరంబాసిస్ రంగా పారదర్శక దేహంలోకి సూదితో రంగు ఎక్కించి అమ్మడం ఈ వ్యాపారంలోని క్రూరత్వానికి నిదర్శనం. ఇటువంటి చేపను పోటీలో అనుమతించకపోవడమే కాక, కారణాన్ని బహిరంగంగా ప్రకటించాలి.

మోసం కాకపోయినా హాని కలిగించే ధోరణి మరొకటి ఉంది. కంటి కింద నీటి బుడగలు వేలాడే బంగారు చేప, మోయలేని తోకతో పాత్ర అడుగున కూర్చునే బెట్టా, వెన్ను కుదించి గుండ్రంగా మార్చిన 'బెలూన్' రకాలు ఎంపిక వల్లనే రూపొందాయి. వరి కంకి బరువుకు తగిన కాండపు దృఢత్వం లేకపోతే పైరు పడిపోతుందని ప్రజననకారులు గ్రహించి కాండాన్ని పొట్టిగా, గట్టిగా మార్చారు. చేపల ప్రమాణాలు రాసేవారు కూడా అలంకారాన్ని మోసే దేహం గురించి అదే విధంగా ఆలోచించాలి.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

జిల్లా స్థాయిలో లేదా కళాశాలలో పోటీ నిర్వహించేవారు ఈ క్రింది అంశాలను నియమావళిలో చేర్చడం అవసరం. ప్రమాణ పత్రాన్ని పోటీకి చాలా ముందుగానే తెలుగులో ప్రకటించాలి. ఈత, శ్వాస, వెన్నెముకల పరీక్షలో కనీస స్థాయి దాటిన చేపలకే అందానికి మార్కులు వేయాలి. పెంపకంలో పుట్టిన చేపలనే అనుమతించి, వంశావళి లేదా కొనుగోలు వివరాలు కోరాలి. దేశీయ జాతుల విభాగంలో అందానికి కాక, బంధిత ప్రజననం సాధించిన పెంపకందారుడి నైపుణ్యానికి బహుమతి ఇవ్వాలి. ప్రతి పోటీదారుకు మార్కుల పత్రం అందజేయాలి.

కేరళ శాస్త్రవేత్తలు మిస్ కేరళను బంధిత పరిస్థితులలో ప్రజననం చేయించగలిగారు. అయితే ఆ పరిజ్ఞానం పెంపకందారుల తొట్లకు చేరేలోపే వాగులలో చేపలు తగ్గిపోయాయి. ప్రజనన పద్ధతి ముందుగా స్థిరపడి, బహుమతి ఆ తరువాత వచ్చి ఉంటే క్రమం వేరుగా ఉండేది. దేశీయ చేపలను ప్రదర్శనకు ఎంపిక చేసే ప్రతి సందర్భంలోనూ నిర్వాహకులు ఈ క్రమాన్నే పాటించాలి.